షుగర్ తగ్గిందన్న శుభవార్త

ఎక్కువ ఎక్కించేస్తానేమో.

రోజుకు నాలుగుసార్లు నన్ను పట్టుకునే భయం ఇది. మా పాపకు ఐదేళ్ళు, బరువు పదహారు కిలోలు. ఇన్సులిన్ సిరంజి మీద ఒక గీతకూ తర్వాతి గీతకూ మధ్య చీమ పడుకునేంత చోటు కూడా ఉండదు. ఆ గీత దాటితే ఒంట్లో చక్కెర అడుగంటి ఏం జరుగుతుందో వరసగా చెప్పగలను, ఎందుకంటే నేను చదివింది సైన్సు. చదవకపోతే బాగుండేదని జీవితంలో మొదటిసారి అప్పుడే అనిపించింది. నా ఉద్యోగం తాగునీటి పరీక్షల లాబ్‌లో. లీటరు నీళ్ళలో ఉందో లేదో తెలియనంత ఆర్సెనిక్‌ను పట్టుకునే ఈ చేతులు, పాప పక్కన సిరంజి పట్టుకునేసరికి వణికేవి.

ఈ సంగతి మొట్టమొదట చెప్పుకున్నది సూదుల పిన్నికి.

"ఎక్కువ ఎక్కిస్తానేమోనని భయంగా ఉంది పిన్నీ."

"ఉండాలి. భయం లేనివాళ్ళను ఈ బల్ల మీద కూర్చోనివ్వను," అంది. "వణుకు ఆగాక తియ్యి. ఆగదంటావా, వణుకుతూనే తియ్యి. గీత దగ్గర ఆపి నాకు చూపించు."

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంది. పిల్లల షుగర్ క్లినిక్‌లో పదిహేనేళ్ళుగా తల్లిదండ్రులకు సూది వెయ్యడం నేర్పుతోంది కాబట్టి అందరికీ సూదుల పిన్ని. వయసు యాభై ఎనిమిదో, అరవయ్యో, అడిగితే "పరగడుపునా, తిన్నాకనా?" అంటుంది. క్లినిక్ అంటే ఎక్స్‌రే గది పక్కన ఒక గది, వరండాలో ఒక బల్ల. గదిలో బరువు తూచే మిషను, సూది పొడవడం నేర్చుకునే కుషన్ ఒకటి, ఫ్రిజ్ ఒకటి. కుషన్‌కు ఇన్నేళ్ళలో పడిన పోట్లు ఏ మనిషికీ పడి ఉండవు. ఫ్రిజ్‌లో రెండువందల పద్నాలుగు మంది పిల్లల ఇన్సులిన్. ఆ మందు ఒక దేశంలోని దాతల సంస్థ పంపుతుంది. రక్తం చూసే మీటర్లూ పట్టీలూ మరో దేశం నుంచి వస్తాయి. బడులకు ఇచ్చే కాగితాలు ఇంకో దేశంలోని ప్రధాన కార్యాలయంలో రాసి, మన భాషలోకి మార్చి పంపుతారు. గది మాత్రం ఇక్కడి ఆసుపత్రిది. మొత్తం నాలుగు దేశాలు, నాలుగు సంస్థలు, ఒక ఫ్రిజ్. తాళంచెవి పిన్ని మెడలో ఉంటుంది.

పిన్ని పద్ధతి ఒకటే. ఏదైనా చెప్పాక, "ఇప్పుడు నువ్వు చెప్పు," అంటుంది. ఆమె మాటలే తిరిగి అప్పజెబితే ఒప్పుకోదు. "అది నా మాట. నీ మాటలో చెప్పు. మీ ఇంట్లో ముసలావిడకు చెబుతున్నట్టు చెప్పు." నేను మొదటిరోజు ఇన్సులిన్ ఎలా పని చేస్తుందో చక్కగా, కణాలతో సహా చెప్పాను. అంతా విని, "పరీక్ష పాసయ్యావు. ఇప్పుడు మీ అత్తగారికి చెప్పు," అంది. చెప్పలేకపోయాను. రెండోరోజు మళ్ళీ రమ్మంది.

పాప బడిలో చేరిన మూడో నెలలో జరిగింది అసలు సంగతి. ఆ వారం దానికి జలుబు. షుగర్ రెండువందల కిందికి దిగలేదు. టీచరు రోజూ మధ్యాహ్నం చదివి చెప్పే అంకెలు రెండువందల నలభై, రెండువందల పది. గురువారం పదకొండున్నరకు పాప బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. టీచరు శ్రద్ధ గల మనిషి. వెంటనే మీటరు తీసి, వేలికి పొడిచి చూసింది. యాభై ఎనిమిది. గోడకు అంటించిన మా క్లినిక్ కాగితం చదివింది. మొదటి వరస: 'షుగర్ తగ్గినచో వెంటనే తల్లిదండ్రులకు తెలియజేయవలెను. తదుపరి చర్యకు వెనుక పేజీ చూడవలెను.' వెనుక పేజీ గోడవైపు ఉంది.

నా ఫోన్ లాబ్ బయట లాకరులో ఉంటుంది. రెండో నంబరు మా అత్తగారిది.

"అమ్మా, బడి నుంచండీ. పాపకు షుగర్ తగ్గిందండీ."

"తగ్గిందా! ఎంతకి?"

"యాభై ఎనిమిదండీ. నిన్న రెండొందల పది."

"నీ నోట్లో పంచదార పొయ్య! ఎంత చల్లని మాట చెప్పావు తల్లీ! ఏం చేస్తోంది ఇప్పుడు?"

"బుద్ధిగా పడుకుందండీ."

"పడుకోనీ, పిచ్చిది, ఇన్నాళ్ళూ నిద్రెక్కడిది దానికి. వద్దు, ఆగు, లేపు. లేపి అందరికీ నోరు తీపి చెయ్యి. చాక్లెట్లు తెప్పించు. దాని చేత్తోనే పంచించు. దానికి రెండు పెట్టు. నోట్లో తీపి పడి ఎన్నాళ్ళైందో."

టీచరు అలాగే చేసింది.

పన్నెండున్నరకు లాకరు తెరిచి ఫోన్ చూసుకుని ఇంటికి చేశాను. "నీ కూతురికి నయమైందే," అన్నారు అత్తగారు. అంకె అడిగాను. చెప్పారు. ఆ తర్వాత బడికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. వెళ్ళేసరికి పాప మూతి చుట్టూ చాక్లెట్ మరకలతో, వరసలో ముందు నిలబడాలని ఇంకో పిల్లను తోస్తోంది. మీటరు తొంభై ఆరు చూపించింది; డెబ్బై దాటితే గండం గడిచినట్టే.

మా లాబ్‌లో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన ఫలితం వస్తే, ఆ ఫలితాన్ని పారేసి మళ్ళీ మొదటినుంచీ చెయ్యమంటారు. ఇక్కడ ఆ వీలు లేదు. పాపను ఎత్తుకుని క్లినిక్‌కు పోయాను.

పిన్ని నవ్వుతుందనుకున్నాను. సొరుగులోంచి పొడుగాటి నోట్‌బుక్ తీసింది. "కాగితం ఏమంది, టీచరేమంది, మీ అత్తగారేమన్నారు? వరసగా చెప్పు. ఒక్క ముక్క మార్చకు." చెప్పినదంతా రాసుకుంది. తర్వాత పాప వైపు తిరిగింది.

"ఎన్ని తిన్నావే?"

"మూడు."

"రెండే కదా ఇచ్చింది టీచరు?"

"ఒకటి పంచేటప్పుడు తీసుకున్నా."

"మంచి పని చేశావు దొంగపిల్లా," అని అదీ రాసుకుంది. పైన అంకె వేసింది: పదిహేడు. మాలాంటి ఇళ్ళు ఇంకా పదహారు ఉన్నాయన్నమాట.

తెలుగు తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కాలినొప్పి తగ్గింది. తగ్గడమంటే మన ఇళ్ళలో నయం కావడం. షుగర్ అనేది మనకు జబ్బు పేరు. ఒంట్లో ఉండాల్సిన చక్కెర పేరూ అదే. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి 'ప్రమాదం' అని చెప్పబోయారు కార్యాలయం వాళ్ళు. వినేవాళ్ళకు 'శుభం' అని వినిపించింది.

పిన్ని నోట్‌బుక్‌లో వెనకవైపు ఇంకో జాబితా ఉంది. అవి తల్లిదండ్రులు తమ మాటల్లో తిరిగి చెప్పినప్పుడు దొరికిన మాటలు. షుగర్ దిగింది, డౌన్ అయింది, ఖాళీ అయింది, పడిపోయింది. ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టుకుంది. ఆ మాట అన్నప్పుడు ఎదుటి మనిషి కూర్చునే ఉన్నాడా, లేచాడా అన్నది ఆ గుర్తు. 'పడిపోయింది' పక్కన అన్నీ లేచిన గుర్తులే.

"పడిపోయిందంటే ఎవరైనా లేస్తారు," అంది. "ఎవరు పడిపోయారో, ఏం పడిపోయిందో తర్వాత అడుగుతారు. ముందు లేస్తారు."

కొత్త ముద్రణ అప్పటికే వచ్చేసింది. బరువు తూచే మిషను పక్కన పెట్టెల్లో పన్నెండు వేల కాగితాలు. పన్నెండు వేలలోనూ 'తగ్గినచో'. ఇలాంటి పన్నెండు క్లినిక్కులకూ అవే వెళ్తాయి. వాటిని పంచే బాధ్యత కార్యక్రమ సమన్వయకర్తది. ఆయనకు మాట ఎప్పుడూ 'మన భాగస్వామ్యంలో' అని మొదలుపెట్టే అలవాటు ఉండడం వల్ల, వరండా బల్ల మీద ఆయనకు భాగస్వామ్యం గారని పేరు. చెడ్డవాడేం కాదు. ఒకసారి కరెంటు పోయినప్పుడు మందుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఐసు కోసం ఊరంతా తిరిగాడు.

"పిన్నిగారూ, మన భాగస్వామ్యంలో ప్రతి మాటకూ ఒక ప్రక్రియ ఉంటుంది. ఈ కాగితం ఏడు దశల్లో ఆమోదం పొందింది."

"ఆ ఏడు దశల్లో ఒక్కరైనా ఒక తల్లికి ఫోన్ చేసి ఈ మాట చెప్పి చూశారా బాబూ?"

"అది దశల్లో లేదండి."

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా!"

"పోనీ ఏ మాట పెట్టమంటారు?"

"పడిపోయింది."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "భయపెట్టేలా ఉందండి. సానుకూల భాష వాడాలని మన మార్గదర్శకాల్లో ఉంది."

"భయపడాల్సిన చోట భయపడకపోతే ఇంకెక్కడ భయపడతారు? పెళ్ళిలోనా?"

ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "వచ్చే వారం దాతల సంస్థ వాళ్ళు వస్తున్నారు. మూడేళ్ళ పొడిగింపు మీద సంతకం అయ్యేది అప్పుడే. ఈ మందు అందులోనే ఉంది, మీ ఉద్యోగమూ అందులోనే ఉంది. ఆ ఒక్కరోజూ ఈ మాట గొడవ ఎత్తకండి. మీకు దణ్ణం పెడతాను."

నిజంగానే పెట్టాడు. పిన్ని సూదుల డబ్బా దగ్గరికి లాక్కుంది.

ఆయన వెళ్ళాక నేనూ ఆయన పక్షమే చేరాను. ఫ్రిజ్‌లో ఉన్న రెండువందల పద్నాలుగింట్లో ఒకటి మా పాపది. "మన దగ్గరి కాగితాలు మనం చేత్తో దిద్దుకుందాం పిన్నీ. గొడవెందుకు?" అన్నాను.

"ఇక్కడ నేను దిద్దుతాను. మిగతా పదకొండు చోట్ల ఎవరు దిద్దుతారు?" అని, సూదులు లెక్కపెట్టి డబ్బాలో సర్దుతూనే చెప్పింది. "ఇక్కడికి రాకముందు నేను ఈ ఆసుపత్రిలోనే ఫోన్ ఆపరేటర్ని. వార్డుల నుంచి చీటీలు వచ్చేవి, నేను ఇళ్ళకు ఫోన్ చేసి చదివి వినిపించేదాన్ని. ఒకరోజు లాబ్ నుంచి చీటీ వచ్చింది. ఫలానా బాబుకు షుగర్ తగ్గింది, తీసుకురావాలి. తండ్రి ఎత్తాడు. చదివాను. 'తగ్గిందా, సంతోషమమ్మా. అయితే రేపు పొద్దున తీసుకొస్తాం' అన్నాడు. సరే అన్నాను. సాయంత్రం సూది మామూలుగానే వేశారు. మామూలు మోతాదే."

డబ్బా మూత పెట్టింది.

"పొద్దున తీసుకొచ్చారు. అప్పటికే బాబు లేడు. నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఆపరేటరంటే అదే కదా. ఆ నెలే ఫోన్ల గది వదిలేసి ఇక్కడ వెయ్యమని అడిగాను."

నేను నాకు చేతనైన పని చేశాను. మూడు రోజులు వరండా బల్ల మీద కూర్చుని నలభై మందిని అడిగాను: 'బడి నుంచి ఫోన్ చేసి మీ బిడ్డకు షుగర్ తగ్గిందంటే మీరేం చేస్తారు?' ముప్పైమూడు మంది సంతోషిస్తామన్నారు. నలుగురు అంకె అడుగుతామన్నారు. ముగ్గురు 'ముందు నీకేం పని లేదా చెప్పు' అన్నారు. పట్టిక వేసి, రంగుల గ్రాఫు గీసి ఇచ్చాను. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బాగుంది," అంది. ఫైల్లో పెట్టింది.

వాళ్ళు వచ్చారు. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పొడుగాటి డాక్టరమ్మ, కెమెరా పట్టుకున్న ఒకాయన. తల్లిదండ్రుల తరఫున నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. సమన్వయకర్త తెర మీద ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. పాపం, పిన్ని మాట పూర్తిగా తీసెయ్యలేక నా గ్రాఫునూ ఒక మూల ఇరికించాడు. అది అర నిమిషం ఉంది. డాక్టరమ్మ తల ఊపింది. తర్వాతి బొమ్మ వచ్చింది.

పిన్ని లేచింది.

"బాబూ, నేనొకటి చూపిస్తానని ఆవిడకు చెప్పు."

సమన్వయకర్త నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. చివరికి చెప్పాడు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పిన్ని తలుపు తీసి, వరండా బల్ల మీద కూర్చుని ఉన్న, బట్టలు కుట్టే ఆవిడను లోపలికి పిలిచింది. ఆవిడ కొడుకుకు తొమ్మిదేళ్ళు. ఆ వేళప్పుడు బడిలో ఉంటాడు. చేతిలో సంచీ, సంచీలో సగం కుట్టిన జాకెట్టు.

"కూర్చోమ్మా. మీవాడికి షుగర్ తగ్గింది," అంది పిన్ని, పాతకాలపు ఆపరేటర్ గొంతుతో, ఎక్కువా తక్కువా లేకుండా.

ఆవిడ ముఖం అలా విచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. "నిజంగానా పిన్నీ? ఎంతకి దిగింది?" అని, జవాబు కోసం ఆగకుండా వచ్చినవాళ్ళ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "అంతా వీళ్ళ చలవే!"

డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే సమన్వయకర్తను వాళ్ళ భాషలో అడిగింది: ఈమెకు ఏం మంచి వార్త చెప్పారు?

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. పైవాళ్ళ ముందు భాగస్వామ్యం అన్న మాట లేకుండా ఆయన చెప్పగా నేను విన్న మొదటి వాక్యం అదే: "మీ అబ్బాయి ఏ నిమిషమైనా స్పృహ తప్పవచ్చు అని చెప్పామండి. మన కాగితంలో ఉన్న మాటతోనే."

డాక్టరమ్మ నవ్వు ఆగింది. కుట్టే ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

పిన్ని ఆవిడ భుజం పట్టుకుంది. "మీవాడు బాగానే ఉన్నాడమ్మా, కంగారుపడకు. నేను చదివింది ఈ కాగితంలో మాట. దానికి వాళ్ళనుకునే అర్థం, షుగర్ పడిపోయింది అని."

ఆ చివరి రెండు మాటలకు ఆవిడ లేచి నిలబడింది. సంచీ జారింది, గుండీలు నేలంతా దొర్లాయి. "ఎక్కడ? ఎవరు చెప్పారు?"

బాగానే ఉన్నాడని పిన్ని ఇంకోసారి చెప్పింది. నమ్మలేదు. బడికి ఫోన్ కలిపి పిల్లవాడి గొంతు వినిపించాక గాని కూర్చోలేదు. కూర్చున్నాక అందుకుంది.

"నా ముఖం మీదా నీ పరీక్షలు? నీ జాకెట్టు నా దగ్గరే ఉందిగా! రెండు చేతులూ ఒకేవైపు కుట్టకపోతే నన్నడుగు!"

"కుట్టు, తొడుక్కుంటాను. నిన్ను ఏడిపించినందుకు నన్నేమన్నా పడతాను."

కెమెరా ఆయన మోకాళ్ళ మీద వంగి గుండీలు ఏరుతున్నాడు. ఫొటో తియ్యడం మరిచిపోయాడు.

ఆ రోజు సంతకం కాలేదు. పరిశీలించి చెబుతామని వెళ్ళిపోయారు. మూడు వారాలు ఏ కబురూ లేదు. పిన్ని రోజూ తొమ్మిదికి వచ్చి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూసి, రాసి, "ఇప్పుడు నువ్వు చెప్పు," అంటూ కూర్చునేది. వరండాలో కొందరు ఆమెను చూసి మాట్లాడడం మానేశారు. మందు ఆగిపోతే ఈమె వల్లే అన్నారు. నేను ఆ మాట అనలేదు, కానీ అంగడిలో ఇన్సులిన్ ఎక్కడ దొరుకుతుందో రెండుసార్లు కనుక్కుని వచ్చాను.

నాలుగో వారంలో ఉత్తరం వచ్చింది. మూడేళ్ళు అడిగితే ఒక ఏడాదికి ఇచ్చారు. భాషా సామగ్రి అంతా తిరిగి చూశాకే మిగతాది. పిన్ని ఉద్యోగమూ ఆ ఏడాదికే. కాగితంలో 'తగ్గినచో' పోయి 'షుగర్ పడిపోతే' వచ్చింది. చక్కెర నీళ్ళు తాగించే సంగతి ముందు పేజీలోకి వచ్చింది. గోడకు అంటించే ఏ కాగితానికీ వెనుక పేజీ ఉండరాదని ప్రత్యేకంగా ఒక నియమం చేర్చారు. పాత పన్నెండు వేలనూ పన్నెండు క్లినిక్కుల్లో పెన్నుతో దిద్దారు. మా వరండాలో మనిషికి ఇరవై చొప్పున పంచింది పిన్ని. కుట్టే ఆవిడ నలభై దిద్దింది, తిడుతూనే.

ఇంకో సంగతి సమన్వయకర్త వచ్చి చెప్పాడు. ఇకమీదట ఏ దేశంలో ఏ భాషలో కాగితం వేసినా, అచ్చుకు ముందు ఐదుగురు తల్లులకు చదివి వినిపించి వాళ్ళ ముఖాలు చూడాలట. దానికి 'భాగస్వామ్య ఆధారిత అవగాహనా ధ్రువీకరణ విధానం' అని పేరు పెట్టారట.

"ఆ పేరు ఎవరికైనా చదివి వినిపించారా?" అంది పిన్ని.

పాప బడి గోడ మీద ఇప్పుడు కొత్త కాగితం ఉంది. నా భయం మాత్రం పాతదే. రోజుకు ఐదుసార్లు బడికి ఫోన్ చేసేదాన్ని. టీచరు పాపకు ఇచ్చేది. ఎంత ఉంది? నూట అరవై. సరే. పెట్టేసేదాన్ని. ఒకరోజు క్లినిక్‌లో మందు తీసుకుంటుంటే పాపే పిన్నికి చెప్పింది: "అమ్మ ఫోన్ చేసి 'ఎంత?' అంటుంది. అంతే."

పిన్ని నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది.

"అంకె అడుగు. మానమని నేను చెప్పను. అడిగాక ఫోన్ పెట్టెయ్యకు. అంకె లేని ప్రశ్న ఇంకొకటి అడుగు. జవాబు చివరిదాకా విను. అప్పుడు పెట్టెయ్యి."

"ఏం అడగాలి పిన్నీ?"

"నీ కూతురు. నాకేం తెలుసు?"

అలాగే చేస్తున్నాను. మొదటిరోజు ప్రశ్న తట్టక చాలాసేపు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు అలవాటైంది. నిన్న మధ్యాహ్నం నూట నలభై రెండు. ఆ తర్వాత, పక్క బల్ల మీది పిల్ల రబ్బరును ఎందుకు కొరుకుతుందో ఆరు నిమిషాలు విన్నాను. కారణం ఇంకా తేలలేదు. ఈరోజు మళ్ళీ అడగాలి.